ఇన్‌ఫ్లుయెంజా జ్వరము – ఇల్లాలి కర్తవ్యము

బతుకమ్మ పండుగ దగ్గరపడినది. ఓరుగల్లు చుట్టుప్రక్కల చేలగట్లపై గునుగు తెల్లబడినది. తంగేడు పసుపు దేరినది. కొలది దినములలో వేయిస్తంభముల గుడి ముంగిటను, భద్రకాళి చెరువు కట్టమీదను మన ఆడుబిడ్డలందఱును గుమిగూడుదురు. ఇట్టి వేడుకల వేళ జ్వరము మాట యెత్తుట కొందఱికి రుచింపకపోవచ్చును. కాని జ్వరము ఇంటికి వచ్చిన పిమ్మట చెప్పు హితవు వలన ఫలమేమి? చలికాలములో మన యిండ్లలో చొరబడు ఇన్‌ఫ్లుయెంజానుగూర్చి ఇప్పుడే చెప్పుకొందము. దానిని అడ్డగించు సూదిమందు వేయించుకొనుటకు ఇదియే తగిన సమయము.

మొదట నా తప్పు చెప్పుకొనవలెను.

2015వ సంవత్సరము సంక్రాంతి పండుగ గడచిన వారము. హనుమకొండలో మా అన్నగారి యింట మొదట ఏడేండ్ల పిల్లవాడు బడినుండి జ్వరముతో వచ్చెను. రెండు దినములకు మా నాయనగారు పడకపట్టిరి, ఆయనకు మధుమేహము. ఆ మఱునాడు మా అన్నగారు. మువ్వురకును గంజి కాచుట, నుదుట తడిగుడ్డ వేయుట, రాత్రులు లేచి చూచుట మా వదినెగారి పాలబడెను. ఆమె అప్పటికి ఏడవ నెల గర్భవతి. నాలుగవ నాటికి ఆమెకును దగ్గు పుట్టెను. నాకు ఫోను చేసి చెప్పగా, ఆరోగ్యవిషయములు నలుగురికి చెప్పుదునని పేరుపడిన నేను ఏమంటినో వినుడు: “ఉత్త సర్దే వదినె! అల్లం కషాయం తాగి పండుకో, తెల్లారేసరికి తగ్గుతది.”

“నేను పండుకుంటే వీళ్లకు వండిపెట్టేదెవరు పిల్లా?” అని ఆమె నవ్వెను. వీధి చివర మందుల దుకాణములో ఏవో గోలీలు తెప్పించుకొని మ్రింగి పని చేసికొనుచునే యుండెను. మూడవనాటి తెల్లవారుజామున వంటయింటి గడపమీద కూర్చుండిపోయి, మాట పూర్తిగా పలుకుటకు ఊపిరి చాలక చేయి చూపెను. వైద్యశాలకు చేర్చితిమి. గొంతులోని తెమడ పరీక్షింపగా, ఆ సంవత్సరము జనులందఱు ‘స్వైన్ ఫ్లూ’ అని భయపడుచుండిన ఇన్‌ఫ్లుయెంజాయే యని తేలెను. తొమ్మిది దినములు ఆమెకు ప్రాణవాయువు పెట్టిరి. బిడ్డ నెలలు నిండకుండనే పుట్టి, గాజుపెట్టెలో పెరిగెను.

దైవకృపవలన తల్లియు బిడ్డయు దక్కిరి. ఆ పిల్లకు ఇప్పుడు పదేండ్లు దాటినవి. తానే కూర్చుండి బతుకమ్మను పేర్చుచున్నది. కాని ఇంటికి వచ్చునాడు మా వదినెగారు వైద్యురాలిని, “ముందుగాల తెలిస్తే ఇది రాకుండ చేసేటందుకు ఏమన్న ఉండెనా అమ్మా?” అని యడిగినపుడు ఆమె యిచ్చిన ప్రత్యుత్తరము నేను మఱువలేదు. “ఉండె తల్లీ, ఒక సూది ఉండె. కడుపుతో ఉన్నప్పుడు తీసుకోవచ్చు. మీకెవ్వరూ చెప్పలేదా?” చెప్పవలసినదానను నేనే. ఆనాటినుండి ప్రతియేట ఈ మాట చెప్పకుండ ఉండలేకున్నాను.

ఇన్‌ఫ్లుయెంజా అను పేరు ఇటలీదేశపు మాట. ‘ప్రభావము’ అని దాని యర్థము. గ్రహముల ప్రభావమువలన ఈ జ్వరము వచ్చునని పూర్వము అక్కడివారు తలంచిరి. మన పెద్దలు గ్రహచారము అన్నట్లే గదా! అది గ్రహములవలన గాక కంటికి కానరాని వైరసు అను సూక్ష్మజీవి వలన కలుగునని 1933వ సంవత్సరమున లండనులో శాస్త్రజ్ఞులు నిరూపించిరి. టీకామందు 1940 తరువాతి సంవత్సరములలో అమెరికాలో సిద్ధమైనది.

అంతకు పూర్వము జనులు పడిన పాట్లు తలచుకొన్న గుండె చెదరును. 1918వ సంవత్సరము జూన్‌లో ఈ జ్వరము ఓడలమీద బొంబాయికి వచ్చి, అక్కడినుండి రైలుమార్గముల వెంట దేశమంతట ప్రాకెను. శరత్కాలమున రెండవ మాఱు విజృంభించినపుడు కలిగిన నాశనము చెప్పనలవి కాదు. హిందూదేశములో మరణించినవారు కోటి మందికి పైబడిరని పండితుల లెక్క. 1911లో మన హైదరాబాదు సంస్థానములో జనసంఖ్య 1 కోటి 33 లక్షలకు పైబడియుండగా, 1921 నాటికి 1 కోటి 25 లక్షలకు లోపే అయ్యెను. పదేండ్లలో పెరుగవలసిన జనము ఇట్లు తగ్గుటకు ప్లేగును కరవును తోడైనవి. కాని ఈ జ్వరము పాలు మిక్కిలి పెద్దది.

ఆ లెక్కలలో మనము ప్రత్యేకముగ గమనింపవలసిన విషయమొకటి కలదు. మన దేశములో ఆ యేట పురుషులకంటె స్త్రీలే ఎక్కువగా మరణించిరి. అందును ఇరువది మొదలు నలువది యేండ్లలోపు వారు, అనగా చంకబిడ్డల తల్లులు, ఇల్లు నడపు కోడండ్రు. కారణము వెదకిన దూరము పోనక్కఱలేదు. రోగుల దగ్గఱ రేయింబవళ్లు కూర్చుండినవారు స్త్రీలు. అందఱును తినిన పిమ్మట మిగిలినది తినినవారు స్త్రీలు. తమకు జ్వరము వచ్చినపుడు చివరకు గాని చెప్పనివారును స్త్రీలే. నూరేండ్లనాటి ఆ ఇల్లాలికిని, 2015లో వంటయింటి గడపమీద కూలబడిన మా వదినెగారికిని భేదమేమి? భేదమొక్కటే: ఆమెకు టీకా లేదు, ఈమెకు ఉండెను, కాని తెలియదు.

ఆ పాత శత్రువు సమసిపోలేదు. దాని సంతతియే రూపు మార్చుకొని 2009లో ప్రపంచమెల్ల చుట్టినది. మన దేశములో మొదటి రోగి 2009 మే 16న మన హైదరాబాదులోనే బయటపడెను. 2015లో దేశమున 42 వేలకు పైగా జనులకు ఈ రోగము నిర్ధారణ కాగా, సుమారు 3 వేల మంది మరణించిరి. ఇప్పుడది ఏటేట వచ్చు సాధారణ ఇన్‌ఫ్లుయెంజాలలో ఒకటియై మన మధ్యనే తిరుగుచున్నది. మన దేశములో వానకాలమున ఒకమాఱు, జనవరి మొదలు మార్చి వఱకు మఱియొకమాఱు ఇది హెచ్చుచుండును. ఆ రెండవ కాలము మనకు జాతరల కాలము. సంక్రాంతికి ఐనవోలు మల్లన్న, రెండేండ్లకొకమాఱు మేడారమున సమ్మక్క సారలమ్మలు. బెల్లము బంగారముగా నెత్తిన పెట్టుకొని లక్షలాది జనులు ఒకచో చేరుదురు. జాతరకు పోవలదని నేననను. పోయి వచ్చువారు ఇంటనున్న పసిబిడ్డకును ముసలితల్లికిని ఏమి తెచ్చుచున్నారో తెలిసికొని మెలగవలెనందును.

సర్దికిని దీనికిని భేదము తెలిసికొనుట మొదటి పని. సర్ది మెల్లగా వచ్చును. ముక్కు కారును, తుమ్ములు వచ్చును, మనిషి తిరుగుచునే యుండును. ఇన్‌ఫ్లుయెంజా అట్లు గాదు. ఉదయము బాగుగనుండిన మనిషి సాయంకాలమునకు తీవ్రజ్వరము, చలి, తలనొప్పి, కీళ్లు విఱిచినట్లు నొప్పులు, పొడిదగ్గుతో మంచము పట్టును. రోగి దగ్గినను తుమ్మినను మాటలాడినను వెలువడు తుంపరలవలన ఇది అంటుకొనును. అంటిన ఒకటి మొదలు నాలుగు దినములలో జ్వరము కనబడును. జ్వరము తెలియుటకు ఒక దినము ముందునుండియే రోగి ఇతరులకు అంటింపగలడు. అటుపై అయిదాఱు దినములు, పిల్లలైనచో మఱికొన్నాళ్లు. కనుకనే ఒకరికి వచ్చినచో ఇల్లంతయు పడుచుండును.

పలువురు ఒక వారములో లేచి తిరుగుదురు. కాని గర్భిణులకును, అయిదేండ్లలోపు పిల్లలకును, అఱువదియైదేండ్లు దాటిన వృద్ధులకును, మధుమేహము, ఉబ్బసము, గుండెజబ్బు, మూత్రపిండముల జబ్బు గలవారికిని ఇది ఊపిరితిత్తులకు దిగి ప్రాణాంతకము కావచ్చును. ఈ జ్వరము వచ్చిన మొదటి వారములో గుండెపోటు వచ్చు భయము దాదాపు ఆఱు రెట్లు పెరుగునని కెనడాలో జరిగిన పరిశోధనవలన తేలినది. “ముసలాయనకు గుండె ఆగింది” అని మనము సరిపెట్టుకొను మరణములలో కొన్నిటికి ముందు నడచినది ఈ జ్వరమే కావచ్చును.

ఇక టీకా విషయము. దీనిని ప్రతియేట వేయించుకొనవలెను. వైరసు ఏటేట తన రూపు మార్చుకొనుచుండును. మన శరీరములో టీకావలన కలిగిన బలమును నెలలు గడచినకొలది తగ్గును. ప్రపంచ ఆరోగ్య సంస్థవారు ఏటా రెండుమాఱులు, ఫిబ్రవరిలోను సెప్టెంబరులోను, సమావేశమై ఏ రూపములు తిరుగుచున్నవో చూచి, రాబోవు కాలపు టీకా కూర్పును నిర్ణయింతురు. వానకాలమునకు ముందు, ఏప్రిల్ మే నెలలలో వేయించుకొనుట మంచిది. అప్పుడు మఱచినవారు చలికాలము రాకముందే వేయించుకొనవలెను. రక్షణ కలుగుటకు రెండు వారములు పట్టును గనుక, ఇంట జ్వరము చొరబడిన పిమ్మట పరుగెత్తుట దప్పిక వేసినపుడు బావి త్రవ్వుటయే.

ఈ శీర్షిక చదువు సోదరీమణులు నన్ను తఱచుగా అడుగు ప్రశ్నలకు ఇచట సమాధానము చెప్పుదును.

“ఈ సూది వేయించుకొన్న జ్వరమే వచ్చునట గదా?” సూదితో వేయు ఈ టీకాలో ప్రాణము లేని వైరసు తునుకలే యుండును; అది రోగము కలిగింపజాలదు. చేయి నొప్పి, ఒకటి రెండు దినములు కొంచెము జ్వరపు వెచ్చదనము, ఒళ్లునొప్పులు కొందఱికి కలుగును, అవియే తగ్గిపోవును. పూర్వము ఏ టీకావలననైన ఊపిరాడక దద్దురులు వచ్చినవారు ఆ మాట వైద్యునికి ముందుగా చెప్పవలెను. గట్టి జ్వరముతో నున్న దినమున వేయించుకొనక, తగ్గిన పిమ్మట వేయించుకొనవలెను.

“వేయించుకొన్నను జ్వరము వచ్చినవారు కలరు, ఇక ఫలమేమి?” ఇది న్యాయమైన ప్రశ్న. ఈ టీకా కోటగోడ గాదు. వైరసు రూపముతో చక్కగా సరిపడిన యేడు ఇది నూటికి నలువది మొదలు అఱువది పాళ్లు రోగమును తగ్గించును. సరిపడని యేడు ఇంకను తక్కువ. కాని వేయించుకొన్న పిమ్మట జ్వరము వచ్చినను అది తేలికగా గడచి, వైద్యశాల పాలగుట తగ్గును. గొడుగు పట్టినను పాదములు తడియును. అంతమాత్రమున గొడుగు పాఱవేయుదుమా?

“గర్భిణులు వేయించుకొనవచ్చునా?” తప్పక వేయించుకొనవలెను. ఏ నెలలోనైనను వేయించుకొనవచ్చును. ఆఱు నెలలలోపు శిశువునకు ఈ టీకా వేయరాదు. ఆ పసికందునకు తల్లినుండి కడుపులోనే సంక్రమించు బలమే రక్ష. ఒక్క సూది ఇద్దఱిని కాచును. పాలిచ్చు తల్లులును నిర్భయముగా వేయించుకొనవచ్చును.

“పిల్లలకు ఎన్ని మాఱులు?” ఆఱు నెలలు నిండిన బిడ్డకు మొదలు పెట్టవచ్చును. తొమ్మిదేండ్లలోపు పిల్లలకు మొదటిసారి వేయించునపుడు నాలుగు వారముల యెడముతో రెండు మోతాదులు, అటుపై ఏటికొకటి.

“ఇది ఉచితముగా దొరకునా?” ప్రభుత్వమువారు పిల్లలకు వేయు సార్వత్రిక టీకాల పట్టికలో ఇది చేరలేదు. కావున పలువురు ప్రైవేటు వైద్యశాలలో రుసుము చెల్లించియే వేయించుకొనవలసియున్నది. ఒక్క మోతాదు వెల సాధారణముగా వెయ్యి రూపాయలకు మించియుండును. నలుగురైదుగురు గల యింటికి ఇది భారమే, నేను కాదనను. అందఱికిని శక్తి చాలనిచో ఒక క్రమము పెట్టుకొనుడు: మొదట గర్భిణి, పిమ్మట మధుమేహము, గుండెజబ్బు, ఉబ్బసము గలవారును వృద్ధులును, ఆపై అయిదేండ్లలోపు పిల్లలు, ఆపై పసిబిడ్డను సాకువారు. పండుగకు ఒక చీర తగ్గించుకొన్న ఒకరికి సూది వచ్చును. వేయించుకొనునపుడు పెట్టెమీది గడువు తేదీయు, ఏ సంవత్సరపు కూర్పో ఆ వివరమును చూపుమని అడుగుడు. అది 2 మొదలు 8 డిగ్రీల చల్లదనమున నిలువ చేయవలసిన మందు. బయట ఎండకు పడియున్నదానిని వేయనీయకుడు.

టీకా వేయించుకొన్నను ఇంటి జాగ్రత్తలు మానరాదు. 2020లో కరోనా మహమ్మారి నాడు నేర్చుకొన్న మాస్కు, చేతులు కడుగుకొనుట, గాలి వెలుతురు విడుచుట దీనికిని పనికివచ్చును. జ్వరము వచ్చినవారిని కిటికీ గల గదిలో వేఱుగా పడుకొనబెట్టి, తలుపులు మూసి వేడి పట్టింపక, గాలి ఆడనీయవలెను. సేవకు ఒక్కరే పోవలెను. ఆ ఒక్కరు గర్భిణియు వృద్ధురాలును కారాదు. సేవ చేయువారును రోగియు మాస్కు కట్టుకొనవలెను. తువాలు, గ్లాసు వేఱు పెట్టవలెను. దగ్గు వచ్చినపుడు మోచేతి మడతలో దగ్గుట పిల్లలకు నేర్పవలెను. జ్వరము తగ్గి ఒక దినమైన గడువక పిల్లవానిని బడికి పంపకుడు. అట్లు పంపిన పిల్లవానివలననే మా అన్నగారి యిల్లంతయు పడకపట్టినది.

లంఖణము పరమౌషధమను సామెత ఈ జ్వరమునకు వర్తింపదు. గంజి, పలుచని మజ్జిగ, జొన్న అంబలి, కొబ్బరినీళ్లు మాటిమాటికి ఇయ్యవలెను. అల్లము, తులసి కషాయము గొంతుకు హాయి నిచ్చును; త్రాగవచ్చును. అయితే అవి వైరసును చంపవనియు, వైద్యుని బదులు కాజాలవనియు గుర్తుంచుకొనుడు. జ్వరమునకు పారాసిటమాల్ వయస్సునకును బరువునకును తగినట్లు చాలును. పిల్లలకు ఆస్పిరిన్ ఇయ్యరాదు. దుకాణములో అడిగి తెచ్చుకొను యాంటీబయోటిక్ గోలీలు ఈ వైరసుమీద పనిచేయవు. దీనికి ఓసెల్టామివిర్ అను మందు కలదు. రోగము మొదలైన రెండు దినములలోపున ఆరంభించిన ఎక్కువ గుణమిచ్చును గనుక, ముందు చెప్పిన అపాయస్థితిలోనున్నవారు “రేపు చూతము” అనక మొదటి దినముననే వైద్యుని చూడవలెను.

ఈ గుర్తులు కనబడినచో క్షణము తడయరాదు: ఊపిరి తీయుటకు కష్టము, ఎదలో నొప్పి, పెదవులు నీలిబాఱుట, మాట తడబడుట, మత్తుగ పడియుండుట, మూత్రము తగ్గుట, జ్వరము తగ్గి మరల హెచ్చగుట. పసిబిడ్డ పాలు త్రాగకున్నను, ఊపిరి తీయునపుడు డొక్కలు లోనికి పోవుచున్నను అపాయమే. గడియారము చూచి ఒక నిమిషము నిండ బిడ్డ ఊపిరులు లెక్కింపుడు: రెండు నెలలలోపు శిశువునకు 60, ఏడాదిలోపు బిడ్డకు 50, అయిదేండ్లలోపు పిల్లలకు 40 లేక అంతకు మించిన ఎడల 108కి ఫోను చేసి ఎం.జి.ఎం. వంటి పెద్ద వైద్యశాలకు చేర్పవలెను.

సోదరీమణులారా! ఇంటిల్లిపాదికిని పెట్టి తాను చివర తినుట మనకు తల్లులనుండి వచ్చిన అలవాటు. దానిని నిందింపను. కాని సూది వేయించుకొనుటలో మాత్రము ఆ వరుస మార్పుడు. పిల్లలను, అత్తమామలను వైద్యుని యొద్దకు కొనిపోయిననాడు మీ చేతిని గూడ చాపుడు. సేవ చేయు చేయి మంచము పట్టినచో ఆ యింట దీపము పెట్టువారెవరు? ఎవరైన దగ్గుచు మీకు ఫోను చేసినచో, “ఉత్త సర్దే” అని నావలె తేలికగా అనకుడు, “ఎన్ని దినములైనది? ఊపిరి ఎట్లున్నది? కడుపుతోనున్నావు గదా, వైద్యుని చూచితివా?” అని అడుగుడు.

మా వదినెగారు ఇప్పుడు ప్రతియేట పండుగకు ముందు వాకిట పూలు పోయుచు ఇరుగుపొరుగు కోడండ్రను పిలిచి, “పూలు తెచ్చుకున్నరా?” అని అడిగి, వెంటనే “సూది ఏసుకున్నరా?” అని అడుగుచుండును. పడుచులు నవ్వుదురు, నవ్వి, మఱునాడు వెళ్లి వేయించుకొని వత్తురు. మీ వీధిలో ఆ ప్రశ్న అడుగు ఇల్లాలు మీరే కావలెనని నా కోరిక. బతుకమ్మ అనగా బ్రతుకుమని దీవించుటయే గదా!